రెండో శాంపిల్

పరీక్షల గదిలో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. ఇరవై నాలుగేళ్ళు ఒకే బల్ల ముందు నిలబడి పనిచేసిన మనిషికి ఆ మాత్రం పెద్దరికం రావడంలో వింతేముంది? ఊరి ఆరోగ్యశాఖ ఆఫీసు పైఅంతస్తులో, మెట్లెక్కగానే కుడిచేతివైపున్న రెండు గదులు ఆమెవి. మొదటి గదిలో ఫ్రిజ్‌లు, తూకం యంత్రం, కడిగి బోర్లించిన గాజు సామాను. రెండో గదిలో సూక్ష్మజీవుల్ని పెంచే వెచ్చటి పెట్టె, కుక్కర్‌కి పెద్దన్నలాంటి ఆవిరి యంత్రం. కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. సూక్ష్మజీవుల మేతకని ఉడికించే మాంసపు నీళ్ళ వాసన గోడల్లోకి ఇంకిపోయింది. ఆ వాసన తన బట్టలకీ పట్టిందన్న సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది గానీ, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు గుర్తు చేస్తుండేవారు, కాస్త దూరం జరిగి.

ఊళ్ళో అమ్మే పాలు, ఐస్‌క్రీం, మాంసం, హోటళ్ళ నీళ్ళు, అన్నీ ఏదో ఒక రోజు ఆ బల్ల మీదికి రావలసిందే. తెచ్చేవాడు ఒక పొడుగాటి మనిషి. భుజాన ఎప్పుడూ వేలాడే పెట్టె వల్ల అతనికి ఐసుపెట్టె అనే పేరు స్థిరపడిపోయింది. దుకాణంలో అందరిలాగే వరసలో నిలబడి సరుకు కొనేవాడు, దాన్ని ఆఫీసు సంచిలోకి మార్చి అంకె వేసేవాడు, దుకాణం పేరు మాత్రం తన పుస్తకంలో రాసి ఆఫీసరుగారి అలమారలో పెట్టి తాళం వేసేవాడు. పెద్దక్కకి అంకె తప్ప ఇంకేమీ తెలియకూడదు. అది నియమం. ఆ నియమమంటే ఆమెకి ఇష్టం కూడాను. "అంకెలకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఉండరు, హాయి," అనేది నవ్వుతూ.

ఆ నవ్వుకి కారణం ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమె పుట్టి పెరిగింది గొడ్డుమాంసం కొట్టు వెనక గదుల్లో. చిన్నప్పుడు రోజూ సాయంత్రం మాంసం కొట్టే మొద్దు మీద ఉప్పు పోసి తోమడం ఆమె వంతు. తోమిన తీరు నచ్చకపోతే తండ్రి ఒక్క మాటా అనకుండా ఉప్పు డబ్బా మళ్ళీ చేతికిచ్చేవాడు. ఆయన పోయాక కొట్టు తమ్ముడి చేతికొచ్చింది. తమ్ముడు తండ్రిలా మాట తక్కువ మనిషి కాదు. వచ్చిన ప్రతివాళ్ళతోనూ వరస కలిపేవాడు. తూకం సరిగ్గా నిలిచినా ఊరుకునేవాడు కాదు, ఇంకో చిన్న ముక్క వేసి కొనేవాళ్ళవైపు మొగ్గేలా చేస్తేగాని అతనికి తృప్తి ఉండేది కాదు. అందుకని వీధి వీధంతా అతన్ని మొగ్గు బాబాయి అనేది. ముసలివాళ్ళు కూడా బాబాయి అనే అంటుంటే, "మీరు నాకంటే పదేళ్ళు పెద్ద, నేను బాబాయినెలా అయ్యానండీ?" అని గోల పెట్టేవాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సోమవారం ఐసుపెట్టె పదకొండు సంచులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుగు ముక్కల మాంసం, ఏడు ఖీమా. అన్నీ గొడ్డుమాంసమే.

ఖీమా అంటే పెద్దక్కకి మొదటినుంచీ బెరుకు. పశువు పేగుల్లో ఒక రకం బ్యాక్టీరియా ఉంటుంది. పశువుకి దానివల్ల ఏమీ కాదు. తోలు ఒలిచేటప్పుడు రవ్వంత పేడ మాంసానికి తగిలితే చాలు, అది అంటుకుంటుంది. ముక్కగా ఉన్నంతసేపు పైపైనే ఉంటుంది, పెనం మీద వేడికి చచ్చిపోతుంది. మరలో వేసి తిప్పారా, పైనున్నది లోపలికి, ఒక పశువుది పది పశువుల మాంసంలోకి చేరిపోతుంది. రంగు మారదు, వాసన రాదు, రుచి చెడదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చావదు. పెద్దవాళ్ళకైతే నాలుగు రోజుల కడుపునొప్పితో పోవచ్చు. చిన్నపిల్లలకి మాత్రం అది వదిలే విషం నెత్తుటిలో కలిసి మూత్రపిండాల్ని పట్టుకుంటుంది.

ప్రతి సంచిలోంచి కాస్త తూచి తీసింది. పోషక ద్రవంలో వేసి, సంచి మూసి, పిండి పిసికినట్టు పిసికింది. ఒక రోజు వెచ్చటి పెట్టెలో ఉంచింది. మర్నాడు సన్నటి తీగ మంటలో కాల్చి, చల్లార్చి, ఒక్కో చుక్క పళ్ళేల మీద గీసి మళ్ళీ పెట్టింది. మామూలు రకాలైతే ఆ పళ్ళేల మీద గులాబీ రంగు చుక్కలుగా పెరుగుతాయి. ఆమె వెతికే రకానికి రంగుండదు, చెమట బొట్టులా ఉంటుంది. బుధవారం పొద్దున్న ఆరో నంబరు పళ్ళెం దీపం కిందికి తేగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. గులాబీ చుక్కల మధ్య రంగులేని బొట్లు, ఎవరో లెక్కపెట్టి చల్లినట్టు. ఖాయం చేసుకోడానికి ఇంకో రోజు పట్టింది. గురువారం పదకొండు గంటలకి గాజు పలక మీద ఆ బొట్టుకి మందు చుక్క కలిపితే, విరిగిన పాలలా గడ్డకట్టింది. అనుమానం లేదు.

ఆఫీసరుగారు ఆమెకన్నా పదిహేనేళ్ళు చిన్న, నెమ్మదస్తుడు. అలమార తాళం తీసి, ఐసుపెట్టె పుస్తకం తెరిచి, ఆరో నంబరు మీద వేలు పెట్టి, ఆ వేలు అక్కడే ఉంచేశాడు. పక్కన నిలబడ్డ ఐసుపెట్టె నేల చూపులు చూస్తున్నాడు. ఇద్దరూ మాట్లాడకపోవడంతో పెద్దక్కకి అర్థమైపోయింది.

"మా తమ్ముడిదా సార్?"

"అవునమ్మా." ఆయన పుస్తకం మూశాడు. "పద్ధతి మీకు తెలిసిందే. రేపు రెండో శాంపిల్ తీస్తాం. అందులో కూడా దొరికితే తలుపుకి నోటీసు, మైకులో ప్రకటన, మూడు రోజులు మూత. అంతవరకు దుకాణానికి తెలియకూడదు. మీకు చెప్పక్కర్లేదనుకోండి." పుస్తకం అలమారలో పెడుతూ అన్నాడు. "రెండోది పక్క ఊరి ల్యాబుకి పంపమంటారా?"

"ఎందుకు సార్? అంకె అంకే. నేనే చేస్తాను."

ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో వంచన లేదు. తర్వాత ఆ సంగతి ఆమె ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకుంది. కానీ భోజనం డబ్బా తెరిచి రెండు ముద్దలు నోట్లో పెట్టుకునేసరికి మైకు బండి తమ వీధిలో తిరుగుతున్నట్టు, తండ్రి పేరున్న బోర్డు కింద నోటీసు అతికించినట్టు, మరదలు తలుపు వెనక నిలబడి ఏడుస్తున్నట్టు కళ్ళముందు కదిలింది. డబ్బా మూసేసింది. లేచి మెట్ల మలుపులోకి వెళ్ళి ఫోన్ తీసింది.

"తమ్ముడూ, కొట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఇద్దరున్నారక్కా. ఏంటి, గొంతు అలా ఉంది?"

"ఖీమా అమ్మడం ఆపెయ్. ఉన్నదంతా పారెయ్. యంత్రం విప్పి, లోపలి మరతో సహా మరిగే నీళ్ళతో కడుగు. బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టు. మళ్ళీ కడుగు. ఆ తర్వాతే కొత్త మాంసం ఆడించు."

అవతల కత్తి మొద్దు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "దొరికిందా అక్కా?"

"ఎందుకని అడక్కు. చెప్పింది చెయ్యి."

"నేను రోజూ కడుగుతూనే ఉన్నాగా..."

"కడగలేదని నేనన్నానా? కడుగు." మెట్లకేసి ఓసారి చూసింది. "ఒరేయ్, సోమవారం ఆడించిన ఖీమా ఎవరెవరికి అమ్మావు?"

"ఎవరని చెప్పనక్కా, వీధిలో సగంమంది తీసుకుంటారు. అదంతా ఈపాటికి తిని అరిగించుకుని కూడా ఉంటారు. ఎవరికీ ఏమీ కాలేదు. అయితే ముందు నా పీకే పట్టుకునేవాళ్ళు కదా?"

అది నిజమే అనిపించింది. అనిపించడం కాదు, ఆ మాట ఎవరైనా అంటే బావుండునని ఎదురుచూస్తున్నదానిలా ఠక్కున పట్టుకుంది. సరేనని ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని, బల్ల దగ్గరికి వచ్చింది.

శుక్రవారం పొద్దున్న ఐసుపెట్టె రెండో శాంపిల్ తెచ్చాడు. పరీక్షలో ఆమె ఇసుమంత మోసం చెయ్యలేదు. చెయ్యవలసిన దానికి ఆరింతలు చేసింది. ఒక పళ్ళేనికి బదులు ఆరు పళ్ళేలు గీసింది. ఆరింటిలోనూ గులాబీ చుక్కలే. తమ్ముడు నిజంగానే యంత్రాన్ని తళతళలాడేలా కడిగాడు. తర్వాతి సోమవారం కాగితం మీద 'లేదు' అని రాసి సంతకం పెట్టింది. ఆఫీసరుగారు ఫైలు మూసేస్తూ, "పోనీలెండమ్మా, ఒక బెంగ తీరింది," అన్నాడు. నోటీసు లేదు, మైకు లేదు. ఇంట్లో దాచుకున్నవాళ్ళు ఉంటే పారెయ్యండని చెప్పే గొంతు కూడా లేకుండా పోయింది. ఆ రోజు ఆమెకి ఆ ఊహే రాలేదు.

ఆ వచ్చిన ఆదివారం తమ్ముడింటికి భోజనానికి పిలిచారు. మరదలు పెద్దక్క రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు లేకపోతే మా పరువేమయ్యేది వదినా," అంది. "నేనేం చేశాను, ఊరుకో," అని పెద్దక్క చేతులు విడిపించుకుంది. తమ్ముడు మాత్రం ఆ రోజు ఒక్క హాస్యమూ ఆడలేదు.

కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, ఒక గదిలో బట్టలు కుట్టే ఆమె ఉండేది. మొగుడు వదిలేసి వెళ్ళాక కుట్టు మిషను పెట్టుకుని బతుకుతోంది. వీధివాళ్ళకి టైలరమ్మ. ఆమెకి ఆరేళ్ళ కూతురు. గుండీల డబ్బా ముందేసుకుని రంగుల వారీగా పేర్చుకుంటూ పొద్దు పుచ్చేది కాబట్టి ఆ పిల్ల బొత్తాం అయింది. మొగ్గు బాబాయంటే బొత్తానికి ప్రాణం. రోడ్డుకి ఆ పక్కనుంచి ఈ పక్కకి ఇద్దరూ చేతులూపుకునేవారు. టైలరమ్మ ఖీమా కొన్నప్పుడల్లా, "ఇది మా బొత్తానికి," అని పిడికెడు ఎక్కువ వేసేవాడు.

టైలరమ్మ పొదుపరి. కొన్నదాంట్లో సగం వండి, సగం పొట్లం కట్టి, దానిమీద తేదీ రాసి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించేది. బొత్తాం పుట్టినరోజుకి ఆ పొట్లాల్లో ఒకటి తీసి, సగం ఖీమా ఉండలు చేసి నూనెలో వేయించింది. పైన ఎర్రగా కరకరలాడాయి. బొత్తాం తొమ్మిది తిన్నదట. టైలరమ్మకి కుట్టు పని నెత్తిమీదుండి ఒక్కటే నోట్లో వేసుకుంది.

పెద్దక్క బల్ల మీదికి ఆస్పత్రినుంచి విరేచనం సీసా వచ్చేనాటికి, మొదటి శాంపిల్ తీసి పద్దెనిమిది రోజులైంది. ఆరేళ్ళ ఆడపిల్ల, నెత్తురు విరేచనాలు, మూత్రం ఆగిపోయింది అని కాగితం. పేరు తెలియదు, అంకె ఉంది. ఆమె పళ్ళెం గీసింది. మర్నాడు తీసి దీపం కింద పెట్టి చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళలో పని మధ్యలో ఆమె కూర్చోగా ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రమే ఐసుపెట్టె ఒక చిన్న పొట్లం తెచ్చాడు. "పిల్ల ఇంట్లో ఫ్రిజ్‌లోది. మిగిలిందట." బల్ల మీద పెట్టాక కూడా అక్కడే నిలబడ్డాడు. పొట్లం మీద మార్కర్‌తో గుండ్రటి అక్షరాల్లో తేదీ ఉంది. ఆ సోమవారానిది. పొట్లం కట్టిన సంచి మీద ఆమె తండ్రి పేరు అచ్చయి ఉంది.

"పెద్దక్కా," అన్నాడు ఐసుపెట్టె గొంతు తగ్గించి. "ఆ రెండోసారి వెళ్ళినప్పుడు కొట్టంతా బ్లీచింగ్ వాసన. అంత వాసన ఏ కొట్లోనూ రాదు. నేను పుస్తకంలో రాయలేదు."

ఆమె అతని మొహంలోకి చూడలేకపోయింది. "రాయాల్సింది," అంది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళింది. పరీక్ష చేసేవాళ్ళు రోగిని చూడ్డానికి వెళ్ళే ఆచారం లేదు. కాళ్ళే తీసుకెళ్ళాయి. పిల్లల వార్డు బయట బెంచీ మీద టైలరమ్మ కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీసి ఇంట్లో పెట్టాలన్న ధ్యాసే లేనట్టు. అద్దం తలుపులోంచి మంచం మీద బొత్తాం కనబడుతోంది. మొహం ఉబ్బి, రంగు పసుపు తిరిగింది. పక్కన నెత్తురు శుభ్రం చేసే యంత్రం గుర్రుమంటోంది. ఆ గొట్టాల ముందు పిల్ల మరీ చిన్నదిగా ఉంది.

టైలరమ్మ ఆమెను గుర్తుపట్టి లేచి చోటిచ్చింది. "రండమ్మా. మీ తమ్ముడు రోజూ వస్తున్నాడు. నిన్న పళ్ళు తెచ్చి, పిల్ల తినలేదని అక్కడ నిలబడి ఏడ్చాడు. ఆయనకెందుకమ్మా అంత బాధ?"

పెద్దక్క ఆమె పక్కన బెంచీ అంచున కూర్చుంది.

"నాదే తప్పు," అంది టైలరమ్మ, ఎవరో అడిగినట్టు. "సరిగా ఉడకలేదేమో అని డాక్టరుగారు అడిగారు. పైన ఎర్రగా వేగాయి. ఒకటి విరిచి చూస్తే పోయేది. స్కూలు యూనిఫారాలు అర్జెంటని వాళ్ళు మీద కూర్చున్నారు, అందుకని హడావిడిగా దింపేశాను. చూడండి, నా చేత్తో నేనే పెట్టాను." చేతులు చాపి చూపించింది. వేళ్ళ చివర సూది పోట్లు నల్లగా ఉన్నాయి.

ఆ రోజైనా చెప్పి ఉండవలసింది. పెద్దక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నర్సు తలుపు తీసి టైలరమ్మని లోపలికి పిలిచింది. పెద్దక్క లేచి ఇంటికి వచ్చేసింది. మూడో రోజు మధ్యాహ్నం బొత్తాం పోయింది.

పొట్లంలో ఖీమా ఫలితం కూడా ఆ వారంలోనే తేలింది. మొదటి శాంపిల్‌లోది, పిల్ల ఒంట్లోది, పొట్లంలోది మూడూ ఒకటే. విచారణ మొదలైంది. పశువుల కబేళాకి వెళ్ళి చూస్తే అక్కడ నీళ్ళ పంపు నెల రోజులుగా చెడిపోయి ఉంది. తోలు ఒలిచిన చేతులూ కత్తులూ ఒకే తొట్టిలో ముంచి తీస్తున్నారు. ఆ మాంసం ఊళ్ళో ఎన్ని కొట్లకి వెళ్ళిందో, మిగతా కొట్లలో ఎందుకు దొరకలేదో ఎవరూ చెప్పలేకపోయారు. మొగ్గు బాబాయి చేసిన తప్పల్లా అక్కణ్ణుంచి మాంసం తెచ్చుకోవడం, దాన్ని మరలో వెయ్యడం. అది తెలిశాక పెద్దక్క ఇంకా కుంగిపోయింది. ఫోన్ చెయ్యకపోతే తమ్ముడికి పట్టే శిక్ష మూడు రోజుల మూత, అంతే. ఆ మూడు రోజులు తప్పించడానికి తను ఏం చేసిందో ఆమెకి నిద్రలో కూడా కళ్ళకు కడుతోంది.

ఆఫీసరుగారు విచారణ కాగితం రాసి ఆమె సంతకం కోసం బల్ల దగ్గరికే తెచ్చాడు. కబేళా సంగతి ఉంది, మొదటి శాంపిల్ సంగతి ఉంది, రెండోది శుభ్రంగా ఉన్నందువల్ల నియమం ప్రకారం నోటీసు ఇవ్వలేదని ఉంది. చివర ఒక వాక్యం: 'పిల్ల తల్లి మాంసాన్ని సరిగా ఉడికించకుండా నిర్లక్ష్యంగా పెట్టడమే మరణానికి ముఖ్య కారణం.'

పెద్దక్క ఆ వాక్యం రెండుసార్లు చదివింది. "ఈ మాట తీసెయ్యండి సార్."

"ఏదో ఒక కారణం రాయాలి కదమ్మా. అబద్ధం కాదుగా. ఉడికి ఉంటే బతికేది."

"కారణం నేను రాసిస్తాను. రేపు పొద్దున్నదాకా ఆగండి."

ఆమె ఆ సాయంత్రం నేరుగా కొట్టుకి వెళ్ళింది. తమ్ముడు యంత్రానికి గుడ్డ కప్పేశాడు. ఖీమా అమ్మడం మానేసి వారమైంది. ఆమె చెప్పబోయేది మొహం చూసే పసిగట్టాడు.

"వద్దక్కా," అన్నాడు. "నేను నిన్ను అడిగానా? నువ్వే ఫోన్ చేశావు. కడగమన్నావు, కడిగాను. ఇప్పుడు నువ్వే వెళ్ళి ఊరందరికీ చెప్తే నేనేమవ్వాలి?"

"నువ్వు అడగలేదు. అదే రాస్తాను."

"రాస్తే మాత్రం జనం ఊరుకుంటారా? ముందే తెలిసి దాచాడంటారు." అతను యంత్రం మీది గుడ్డ అంచు నలిపాడు. "తెలిసే దాచాను కదక్కా. ఆ గురువారం నాకు తెలుసు కదా. రోడ్డు దాటి వెళ్ళి, అమ్మా సోమవారం ఖీమా మిగిలుంటే పారెయ్యి అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎదురిల్లే. ఎందుకు వెళ్ళలేదో నాకు తెలీడం లేదు."

ఆమె ఆ గుడ్డ సర్ది పెట్టింది. వెళ్ళొస్తానంది. అతను తలెత్తలేదు.

ఇంట్లో భర్త కోపం తెచ్చుకున్నాడు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంట్లో గొంతు పెంచి ఎరగడు. "ఇప్పుడు చెప్తే పిల్ల తిరిగొస్తుందా? ఇంకా మూడేళ్ళు సర్వీసుంది నీకు. నోరు మూసుకోవే," అని కేకలేశాడు. ఆమె బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తూనే ఉంది. కాసేపటికి అతనే వచ్చి ఎదురుగా కూర్చుని, రాసినంతవరకు చదివి, "ఫోన్ చేసిన టైము కూడా వెయ్యి. వాళ్ళెలాగూ అడుగుతారు," అన్నాడు.

ఆఫీసరుగారికి ఇచ్చేముందు టైలరమ్మ దగ్గరికి వెళ్ళింది. పొద్దున్నే. టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. స్కూలు యూనిఫారాలు, తెల్లవి, పక్కన దొంతరగా ఉన్నాయి. పెద్దక్క నిలబడే చెప్పింది. దొరికిన రోజు, ఫోన్ చేసిన రోజు, రెండో శాంపిల్, పెట్టిన సంతకం, అన్నీ. ఏదీ తగ్గించలేదు, ఏడవలేదు. ఏడిస్తే అవతలి మనిషి ఓదార్చాల్సి వస్తుందని దారి పొడుగునా బిగపట్టుకుని వచ్చింది.

టైలరమ్మ చేతిలో ఉన్న కాలరు మడతని గోటితో గీసి పక్కన పెట్టింది.

"మీరు ఫోన్ చేసినప్పుడు నా ఇంట్లో ఆ పొట్లం ఉందని మీకు తెలుసా?"

"తెలీదమ్మా."

"తెలిసుంటే?"

"పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని."

"మరి తెలియనివాళ్ళ కోసం పరిగెత్తరా?"

టైలరమ్మ జవాబు కోసం చూడలేదు. "నేను చంపాననుకుంటున్నాను ఇన్నాళ్ళూ," అంది మెల్లగా. "రోజూ పొద్దున్నే లేచి అదే అనుకుంటున్నాను. మీరు బెంచీ మీద నా పక్కన కూర్చుని విన్నారు." తర్వాత మిషను చక్రం మీద చెయ్యి వేసింది. "వెళ్ళండమ్మా. మీరిక్కడ ఉంటే నేనేమంటానో నాకే తెలీదు."

ఆఫీసరుగారు కాగితం చదివి, తలుపు దగ్గరికి వేసి వచ్చి, "నేను దీన్ని చూడలేదనుకోండి, వెనక్కి తీసుకోండి," అన్నాడు. ఆమె తీసుకోలేదు. ఆ తర్వాత అన్నీ వాటంతటవే జరిగాయి. విచారణ కాగితంలో ఆ చివరి వాక్యం కొట్టేశారు. దాని స్థానంలో పెద్దక్క చేసిన పని చేరింది. ఉద్యోగం పోయింది. ఐసుపెట్టె బ్లీచింగ్ వాసన సంగతి తానే వెళ్ళి చెప్పుకుని వేరే ఆఫీసుకి బదిలీ అయ్యాడు. కబేళాలో పంపు బాగుచేశారు, అక్కడి మేనేజరుకి ఏమీ కాలేదు. నియమం కూడా మారింది: ఇప్పుడు మొదటి శాంపిల్‌లో దొరికిన రోజే మైకు బండి బయల్దేరుతుంది. మారిన నియమాన్ని ఐసుపెట్టె ఫోన్ చేసి చెప్తే, పెద్దక్క, "మంచిదే," అని ఊరుకుంది.

కొట్టుకి జనం రావడం మానేశారు. కొందరు రోడ్డుకి ఆ పక్కనుంచి నడిచిపోయేవారు. ఒకరోజు పొద్దున్న షట్టరు మీద ఎవరో పేడ కొట్టారు. మొగ్గు బాబాయి ఎవర్నీ ఏమీ అనకుండా బకెట్‌తో నీళ్ళు తెచ్చి కడుక్కున్నాడు. అతను కడుగుతున్నంతసేపూ ఎదురింట్లో కుట్టు మిషను ఆగిపోయి ఉందని మరదలు తర్వాత పెద్దక్కకి చెప్పింది. నెల తిరక్కుండానే కొట్టు మూసేసి, కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసే పనికి కుదిరాడు. ఏడాదికి పైగా అక్క గడప తొక్కలేదు.

పెద్దక్కకి ఒక హాస్టలు వంటశాలలో పని దొరికింది. అక్కడ ఆమె పేరుకి పర్యవేక్షకురాలు, చేసేది గిన్నెలు కడిగించడం, ఫ్రిజ్‌లు చూడ్డం. వంటవాళ్ళకి ఆమె గతం తెలుసు. తెలిసినట్టు కనబడకుండా మసులుకునేవారు. మాంసం వండే రోజున ఆమె పొయ్యి దగ్గరే నిలబడి, ప్రతి గిన్నెలోంచీ ఒక ముక్క తీసి విరిచి చూసేది. వంటాయన విసుక్కునేవాడు. "ఉడికిందమ్మా, ముప్పావు గంటయింది," అనేవాడు. "తెలుసు నాయనా," అంటూనే ఇంకో గిన్నె వైపు వెళ్ళేది.

పధ్నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. చిక్కిపోయాడు. భుజాల మీద చొక్కా వేలాడుతోంది. బావ రమ్మన్నా లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, వేరే ఊళ్ళో మరదలు అన్నగారి దగ్గర పని దొరికిందనీ, వచ్చే వారమే వెళ్ళిపోతున్నామనీ చెప్పాడు. చెప్పిపోదామని వచ్చానన్నాడు.

"టైలరమ్మకి చెప్పావా?" అంది పెద్దక్క.

"వెళ్ళాను. లోపలికి రమ్మంది. కూర్చున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసుకున్నాడు. "వచ్చేటప్పుడు, ఆరోగ్యం చూసుకో బాబాయి అంది."

"తిన్నావా?" అని అడిగింది పెద్దక్క.

"తినే వచ్చానక్కా," అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే ఉంది. భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎండ గట్టిగా కాస్తోంది, వీధిలో మనిషి లేడు.